పూయుటకు సిద్ధముగా ఉన్నది

మా చలిగెడ్డ తోటలో పువ్వు పూయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పూసిందని రాయడానికే కావాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ తేడా నాకు తెలియదు. నలభై ఏడో నంబరు మొక్క వచ్చి నేర్పింది.

చలిగెడ్డ మన్యంలో బాగా ఎత్తున ఉన్న ఊరు. పుష్యమాసంలో పొద్దున్నే గడ్డి మీద మంచు గట్టిపడి, నడుస్తుంటే అప్పడాల మీద నడిచినట్టుంటుంది. చలి దేశాల మొక్కలు ఇక్కడ బతుకుతాయేమో చూద్దామని ప్రభుత్వం ఒక తోట పెట్టింది. అందులో నేను పూత నమోదు సహాయకురాలిని, కాంట్రాక్టు మీద. ఏడింటికల్లా తోటంతా తిరిగి, ఏ మొక్క మొగ్గ వేసింది, ఏది పూసింది, ఏది రాల్చింది చూసి రిజిస్టరులో రాయాలి. ఆశ్రమ పాఠశాలలో చదువుకున్నాను. ఉద్యోగానికి వెళ్లినప్పుడు సూపరింటెండెంటు గంగునాయుడు గారు పది ప్రశ్నలు అడిగారు. మూడింటికే జవాబు చెప్పాను. "ఎక్కువ మాట్లాడదు, పనికొస్తుంది" అని తీసుకున్నారు.

మా తోటకి ఒక నియమం ఉంది. మూడేళ్ల కిందట తోట చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం మరుగుదొడ్లు కట్టారు. వాటిని ప్రారంభించడానికి ఒక పెద్దాయన రావలసి ఉండగా, ఆయన వచ్చేలోపు పనివాళ్లు వాడేశారు. పెద్దాయన రిబ్బను కత్తిరించి, లోపలికి రెండడుగులు వేసి, ముక్కు మూసుకుని బయటికి వచ్చేశారు. అప్పటి సూపరింటెండెంటుని వారం తిరక్కుండా కోస్తాకి బదిలీ చేశారు, అదీ రోహిణి కార్తెలో. ఆ వెంటనే ఒక సర్క్యులరు వచ్చింది. "ఉద్యానవనములో నూతనముగా సంభవించు ఏ కార్యమైనను గౌరవనీయుల హస్తముల మీదుగా ప్రారంభింపబడిన తేదీ నుండి మాత్రమే సంభవించినట్లు పరిగణింపవలెను." మరుగుదొడ్లు అని రాయడం బాగుండదని "ఏ కార్యమైనను" అని రాశారట.

ఏటా పూసే గులాబీలకీ డేలియాలకీ దీనితో చిక్కులేదు, అవి పాతవి. కొత్తగా సంభవించడమన్నది మా తోటలో తర్వాత మూడేళ్లూ జరగలేదు.

ఇక నలభై ఏడో నంబరు. ఎనిమిదేళ్ల కిందట ఒక ఆఫీసరు గారు హిమాలయాల్లో శిక్షణకి వెళ్లి, తడి నాచులో చుట్టి మూడు దుంపలు టిఫిను డబ్బాలో తెచ్చారు. వాటిని సిల్వర్ ఓక్ చెట్ల కింద నీడలో పాతించి, పేరు రాసిన చీటీ గుచ్చి, బదిలీ అయి వెళ్లిపోయారు. చీటీ వానకి పోయింది. రెండు దుంపలు కుళ్లిపోయాయి. మూడోది మాత్రం ఏటా చలి తగ్గే వేళకి జానెడు కాడ లేపి, మూడంటే మూడు ఆకులు విప్పి, ఎండలు ముదరగానే పసుపెక్కి మట్టిలోకి వెళ్లిపోయేది. అంతకుమించి ఏమీ చేసేది కాదు.

దాన్ని చూసుకునేది పాంగి బొంజిబాబు. తోటమాలి. నాకు వరసకి మావయ్య అవుతాడు. అడవికి వెళ్లి, కుళ్లిన ఆకు బుట్టతో తెచ్చి దాని చుట్టూ పరిచేవాడు. అది మట్టిలో ఉన్న నెలల్లో ఎవరూ తొక్కకుండా రాళ్లు పేర్చేవాడు. ఖాళీ నేలకి కాపలా కాస్తున్నాడని తోటివాళ్లకి వేళాకోళం.

"మావా, నీ మొక్క పడుకుందా, లేచిందా?"

"నీలాగ కాదులే. లేవాల్సినప్పుడు లేస్తాది."

కిందటేడు మా ఉప సంచాలకులు హైమవతి గారు ఒక పథకం పెట్టారు. దాని పేరు నిష్ఫల మొక్కల తొలగింపు పథకం. నాటిన ఎనిమిదేళ్లలో పూయని ఏ మొక్కనైనా మార్చి ముప్పై ఒకటి నాటికి పీకి పారేయాలి. మా తోట మొత్తంలో ఆ లెక్కకి వచ్చింది నలభై ఏడు ఒక్కటే. బొంజిబాబు మావయ్య ఆ కాగితం నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఎనిమిదేళ్లని ఎవులు సెప్పినారు పాపా?"

"రాశారు మావయ్యా."

"మొక్కకి సెప్పినారా?"

అతను ఆకు బుట్ట దించి, చెట్టు మొదట్లో కూర్చున్నాడు. "ఒక్కటే ఉంది. అది పోతే ఈ కొండల్లో మరి ఉండదు. పూసి, కాయ కట్టి, గింజ సేతిలో పడితే సాలు, మరి నాకేటీ అక్కర్లేదు" అన్నాడు.

ఫిబ్రవరి మొదటివారంలో మూడు ఆకుల మధ్య వరి గింజంత పచ్చటి మొగ్గ కనిపించింది. నేను రిజిస్టరులో రాయకముందే మావయ్యకి చెప్పాను. పన్నెండో తేదీ పొద్దున్న వెళ్లేసరికి అతను అప్పటికే అక్కడ గొంతుక్కూర్చుని ఉన్నాడు. తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మూడాకుల మీద మూడు రేకుల తెల్ల పువ్వు ఒకటి, అరచెయ్యంత, కొంచెం పక్కకి వంగి ఉంది. మంచుకి తడిసి ఉంది.

"నానేటి సెయ్యలేదు పాపా" అన్నాడు నన్ను చూసి. "ఆకు కప్పినాను. అంతే."

రిజిస్టరులో "47: పూసింది" అని రాశాను. గండం గడిచిందనుకున్నాను.

గంగునాయుడు గారు పదింటికి వచ్చారు. మంచి మనిషే. ఆయనకి వేడి పడదు. కోస్తాలో ఉన్నన్నాళ్లూ ఒళ్లంతా చెమటకాయలట. రిటైరయ్యేదాకా ఈ చల్లటి చోటే ఉండనివ్వమని దేవుళ్లందరికీ మొక్కుకున్నారు. ఆయన రిజిస్టరు తెరిచి, ఆ ఒక్క మాట దగ్గర ఆగి, మఫ్లరు బిగించుకున్నారు.

"దొయిమతీ, ఇదేంటమ్మా?"

"పూసిందండి."

"పూస్తే పూసింది. రాయడమెందుకు?"

"అదే కదండీ నా పని."

ఆయన సర్క్యులరు తీసి నా ముందు పెట్టారు. ఎర్ర సిరాతో నా మాట కొట్టేసి, పక్కన "పూయుటకు సిద్ధముగా ఉన్నది" అని రాసి సంతకం పెట్టారు. మంత్రిగారు వచ్చి ప్రారంభించిన రోజున పూస్తుందన్నారు.

"మరి ముప్పై ఒకటిలోపు మంత్రిగారు రాకపోతేనండి?"

"ఎందుకు రారమ్మా? నెలన్నర ఉంది."

మూడోరోజు హైమవతి గారు జీపులో వచ్చారు. వస్తూనే మొక్క వైపు వీపు పెట్టి నిలబడ్డారు. ఎందుకో మొదట అర్థం కాలేదు.

"గంగునాయుడు గారూ, ఇది మన శాఖ సాధించిన అపూర్వ విజయం."

"అవునండి."

"కాదు. విజయం ఇంకా సంభవించలేదు. సంభవించబోతోంది. గౌరవనీయ మంత్రివర్యుల కన్నా ముందు ఆ పుష్పాన్ని శాఖాపరంగా ఎవరూ వీక్షించరాదు. వీక్షిస్తే ప్రారంభమైనట్టే అవుతుంది. తక్షణం దాన్ని మరుగు పరచండి."

"మరి ఈ అమ్మాయి రోజూ చూడాలి కదండీ, రాయడానికి."

హైమవతి గారు నన్ను పైనుంచి కిందికి చూశారు. "ఈమె కాంట్రాక్టు కదా. ఈమె చూసినా శాఖ చూసినట్టు కాదు."

మావయ్య సంగతి కూడా అంతే అని తేలింది. అతను పర్మనెంటే గాని, నాలుగో తరగతి ఉద్యోగి. నాలుగో తరగతి వారి చూపు గురించి నియమాల్లో ఏమీ లేదట.

మరుగు పరచడమంటే గంప బోర్లించి, పైన పసుపు పట్టుగుడ్డ కప్పడం. మావయ్య చేతులు కట్టుకుని అన్నాడు: "అమ్మా, గాలాడాల. ఈగో పురుగో వాలాల. నేకపోతే కాయ కట్టదు."

"అంటే మంత్రిగారికన్నా ముందు ఈగలు చూస్తాయన్నమాట."

ఆవిడ కాసేపు ఆలోచించి, ఈగలు వాలుట వీక్షణ కిందికి వస్తుందా రాదా అన్న విషయమై సాంకేతిక అభిప్రాయం తెప్పించమని గంగునాయుడు గారికి ఆదేశమిచ్చి జీపెక్కారు. ఆ అభిప్రాయం ఈరోజుకీ రాలేదు.

గంప అల్లే పని మావయ్యకే పడింది. మా వైపు కోళ్లగంపలకి కళ్లు పెద్దవిగా అల్లుతారు. అతను అంతకన్నా పెద్ద కళ్లతో అల్లాడు. గుడ్డ నిలవాలంటే ఇలాగే ఉండాలని గంగునాయుడు గారికి చెప్పాడు. కాపలాకి ఒక హోంగార్డుని వేశారు. అతను కూడా చూడకూడదు కాబట్టి మొక్కకి వీపు పెట్టి నిలబడాలని రాతపూర్వకంగా ఇచ్చారు.

"ఎవరైనా వెనకనుంచి వస్తే?" అని అడిగాడతను నన్ను.

"వెనక్కి తిరగకూడదని ఉందండి."

"అయితే ముందునుంచి వచ్చే దొంగల్నే పట్టుకోవాలి" అని నిట్టూర్చి, సిల్వర్ ఓక్ చెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. వెనకనుంచి రోజూ ఎనిమిదింటికి మావయ్య వచ్చి, గుడ్డ పైకి మడిచేవాడు. పదింటికి సూపరింటెండెంటు గారి స్కూటరు చప్పుడు వినగానే దించేవాడు. ఆ రెండు గంటల్లో ఎన్ని ఈగలు వచ్చాయో లెక్కపెట్టాను. నాకది ఎవరూ చెప్పిన పని కాదు. ఒకరోజు పదకొండు వచ్చాయి.

మంత్రిగారు ఫిబ్రవరి ఇరవై నాలుగున వస్తానన్నారు. ఆహ్వాన పత్రికలు అచ్చయ్యాయి. "అత్యంత అరుదైన శ్వేత పుష్ప ప్రారంభోత్సవము" అని పైన పెద్ద అక్షరాలు. ఫొటో వెయ్యాలి గదా అని పట్నం నుంచి ఫొటోగ్రాఫరుని పిలిచారు. అతను కూడా చూడకూడదని వచ్చాక గుర్తొచ్చింది. పత్రిక మీద గంప ఫొటో వేశారు. బాగానే వచ్చింది.

ఇరవై మూడున ఫోను వచ్చింది. వేరే ఊళ్లో ప్రారంభించాల్సిన వంతెన ఒకటి ఉందట. మొక్క కన్నా వంతెన ముందు కట్టారట. మార్చి ఆరుకి వాయిదా.

మార్చి ఒకటిన పువ్వు అంచులు లేత గులాబీ రంగుకి తిరిగాయి. మూడోనాటికి మొత్తం గులాబీ అయింది. గంగునాయుడు గారు గుమ్మం దగ్గరే ఆపి, "ఎలా ఉందమ్మా?" అని రోజూ అడిగేవారు. ఆరోజు ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. "గులాబీయా?"

"ముదురు కాదండి. లేతగా."

"లేతైనా గులాబీ గులాబీయేనమ్మా. పత్రికలో శ్వేతం అని ఉంది. ఐదు వందలు అచ్చేశాం."

రెండోనాడే బొంజిబాబు మావయ్యకి మెమో వచ్చింది. "మీ సంరక్షణలోని 47వ నంబరు మొక్క ఆహ్వాన పత్రికయందు ప్రకటింపబడిన వర్ణమునకు భిన్నమైన వర్ణమును ధరించినట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. పై చర్యకు బాధ్యులుగా మీపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ సమర్పించవలెను."

మావయ్య చెప్పాడు, నేను రాశాను. "అయ్యా, నేను రంగు వెయ్యలేదు. దానికి వయసు మళ్లింది. నాకు కూడా మళ్లింది. చిత్తగించవలెను."

దీని మీద హైమవతి గారి నుంచి ఒకటిన్నర పేజీ జవాబు వచ్చింది. ప్రారంభమే కాని పుష్పమునకు వయస్సు ఏ తేదీ నుండి లెక్కింపబడినదో తెలియజేయమని అందులో ముఖ్యాంశం. మావయ్యకి చదివి వినిపిస్తే, "ఆయమ్మ పిల్లలు పుట్టినాక బారసాల రోజునుంచి వయసు లెక్కేసినారేటి?" అన్నాడు. ఆ మాట రాయలేదు.

మార్చి ఆరు కాస్తా పంతొమ్మిదయింది, శాసనసభ సమావేశాలని. ఇక పువ్వు అప్పటిదాకా ఉండదని గంగునాయుడు గారు ధైర్యం చేసి పైకి రాశారు. "తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు పుష్పము విషయములో యథాతథ స్థితి కొనసాగింపవలెను" అని జవాబు. యథాతథ స్థితికి ఏం చెయ్యాలో కింద బ్రాకెట్లో ఉంది. ఐసు పెట్టమని.

చలిగెడ్డలో ఐసు దొరకదు. ఇక్కడ ఎవరికీ దానితో పనిలేదు. కింద మైదానంలో చేపల మార్కెట్ నుంచి వ్యానులో పంపారు. ఘాట్ ఎక్కేసరికి సగం కరిగింది. మిగతా సగం నుంచి వంజరం వాసన. మధ్యాహ్నానికల్లా ఊళ్లో పిల్లులన్నీ తోటలో ఉన్నాయి. అవి వెనకనుంచి వచ్చాయి, హోంగార్డు ముందుకే చూస్తున్నాడు.

"నా కాళ్ల మధ్యనుంచి ఏవో పోతున్నాయి. అవేంటో నేను చూడొచ్చా దొయిమతమ్మా?" అని అడిగాడు.

మావయ్య ఆ ఐసు గడ్డలన్నీ మోసుకెళ్లి దూరంగా కాఫీ మొక్కల కింద పడేశాడు. పిల్లులు అటు వెళ్లాయి. మూడు రోజులు ఉండి, చేపలు లేవని రూఢి చేసుకుని వెళ్లిపోయాయి.

పద్నాలుగో తేదీ పొద్దున రేకులు రాలాయి. మూడూ ఆకుల మీదే పడి ఉన్నాయి. కాడ చివర చిన్న పచ్చటి కాయ. బఠాణీ అంత. మావయ్య వేలితో తాకబోయి ఆగాడు.

"కట్టింది పాపా" అన్నాడు.

గంగునాయుడు గారు ఆ రేకుల్ని, తను చూడకుండా, నా చేత కవరులో పెట్టించి, లక్కతో సీలు వేసి, పైకి ఫోను చేశారు. ఇక్కడ సిగ్నలు సరిగా అందదు. అందుకని ఆయన ఆఫీసు బయట బండరాయి ఎక్కి అరుస్తూ మాట్లాడతారు. ఊరంతా వింటుంది. ఆయన దిగివచ్చి, మావయ్య మొహం చూడకుండా చెప్పారు.

"జిగురుతో అతికించే అవకాశం పరిశీలించమన్నారు."

మావయ్య ఆయన ముందు ఏనాడూ గొంతు పెంచలేదు. అప్పుడు కూడా పెంచలేదు. "కాయ ఉంది బాబూ. జిగురు తగిల్తే పోద్ది. నన్ను పన్లోంచి తీసేయండి. దాన్ని మాత్రం ముట్టుకోకండి."

గంగునాయుడు గారు కాసేపు మఫ్లరు కొసలు చూసుకున్నారు. తర్వాత లోపలికి వెళ్లి, "జిగురు స్టాకులో లేదు. ఇండెంటు పెట్టడమైనది" అని రాశారు. బీరువాలో నాలుగు సీసాలు ఉన్న సంగతి నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

"సార్, కాయ కట్టిందని రిజిస్టరులో రాయనా?" అని అడిగాను.

"పూయని మొక్క కాయ ఎలా కడుతుందమ్మా?"

ఆ గడి ఖాళీగా వదిలేశాను.

పంతొమ్మిది కాస్తా "త్వరలో" అయింది. కాయ రోజురోజుకీ ఊరుతోంది. అది పండటానికి ఇంకా రెండు నెలలైనా పడుతుంది. ముప్పై ఒకటికి ఇంకో పన్నెండు రోజులుంది. మావయ్య ఆ రోజుల్లో అన్నం సరిగా తిన్నట్టు లేడు. రోజూ పొద్దున్నే ఒకటే మాట: "మంత్రి బాబు ఒస్తారా, కబురొచ్చిందా?" మంత్రి కోసం మా కొండల్లో అంతగా ఎదురుచూసిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

ముప్పై ఒకటి రానే వచ్చింది. నిష్ఫల మొక్కల జాబితా, చలిగెడ్డ తోట, వరుస సంఖ్య ఒకటి: నలభై ఏడు. రిజిస్టరు ప్రకారం పూత లేదు. గంగునాయుడు గారు బండరాయి ఎక్కారు. ఆయన మాటలు మాత్రమే కాదు, ఆరోజు ఎందుకో అవతలి మాటలు కూడా గట్టిగా వినిపించాయి.

"మేడమ్, ఇది ప్రారంభోత్సవానికి ఉంచిన మొక్కండి. అదే జాబితాలో ఉందండి."

"రెండు ఉత్తర్వులూ నావే గంగునాయుడు గారూ. రెండూ అమలు కావాలి."

"పీకేస్తే ప్రారంభించడానికి ఏముంటుందండి?"

"ప్రారంభోత్సవం మొక్కకి కాదు, పూతకి. పూత ఇంకా సంభవించలేదు. సంభవించనిదానికి మొక్క ఉన్నదా లేదా అన్న ప్రశ్న ఈ దశలో ఉత్పన్నం కాదు. సాయంత్రం ఐదులోపు తొలగించినట్టు నివేదిక పంపండి."

ఆయన రాయి దిగడానికి చాలాసేపు పట్టింది. మావయ్య కిందే నిలబడి ఉన్నాడు. అన్నీ విన్నాడు.

"సరే బాబూ. నానే పీకుతాను. వేరేవోళ్లకి సెప్పకండి."

గంప తీశాడు. పారతో కాకుండా గునపంతో, చుట్టూ మూరెడు దూరం నుంచి మొదలుపెట్టాడు. గంట పట్టింది. బండి చక్రమంత మట్టిగడ్డ లేచింది. దాని మీద మూడాకులు, ఆ మధ్య కాయ, కదలకుండా అలాగే ఉన్నాయి. గంగునాయుడు గారు దూరంగా, అటు తిరిగి నిలబడే అడిగారు.

"పీకమంటే ఇంత మట్టితోనా బొంజిబాబూ?"

"ఏరు ముక్క మిగిల్తే మళ్లీ మొలిసేస్తాది బాబూ. మీకు మాటొస్తాది."

"అదీ నిజమే" అన్నారాయన. "గొయ్యి పూడ్చి, గంప మళ్లీ అక్కడే పెట్టు. దాని గురించి ఉత్తర్వు లేదు."

పీకిన మొక్కని తోటకి కనీసం రెండు కిలోమీటర్ల అవతల పారేయాలని పథకంలో ఉంది. మేమిద్దరం కర్రకి కట్టి, చెరో కొసా భుజాన పెట్టుకుని తీసుకెళ్లాం. మావయ్య ఊరు కొండపైన, ఆరు కిలోమీటర్లు. అదనంగా నాలుగు కిలోమీటర్లు మోసినందుకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నియమంలో "కనీసం" అనే ఉంది. ఊరి పైన అడవిలో పెద్ద పనసచెట్ల కింద ముందే గొయ్యి తీసి, ఆకు నింపి ఉంచాడు. ఎప్పుడు తీశావని అడగలేదు. సంజాయిషీ మెమో వచ్చిన రోజేనని అత్త తర్వాత చెప్పింది.

"47: తొలగించడమైనది" అని రాసుకొచ్చి గంగునాయుడు గారికిచ్చాను. సంతకం పెట్టారు.

మంత్రిగారు ఏప్రిల్ పదిన వచ్చారు.

షామియానా వేశారు. డప్పులు, ధింసా, పూలదండలు. దండల్లో పూలన్నీ మైదానం నుంచి వచ్చినవే. హోంగార్డు ఉతికిన బట్టలేసుకుని, గంపకి వీపు పెట్టి సెల్యూటు కొట్టాడు. హైమవతి గారు ఇరవై నిమిషాలు మాట్లాడారు. హిమగిరుల కన్య మన్యానికి నడిచివచ్చిందన్నారు. కార్యాలయం చేసిన కృషి గురించి చెప్పారు. మావయ్య జనంలో వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, పసుపు గుడ్డ లాగి, రెండు చేతులా గంప పైకి ఎత్తారు.

కింద నేల ఉంది. ఆకు కప్పిన నల్లటి మెత్తటి నేల.

డప్పులు ఆగిపోయాయి. మంత్రిగారు నేల వైపు చూశారు, తర్వాత గంప లోపలికి చూశారు. గంగునాయుడు గారి మొహం మీద, అంత చల్లటి చోట కూడా, చెమట పట్టింది.

"బావుంది" అన్నారు మంత్రిగారు కొంతసేపటికి. చాలా ఊళ్లు తిరిగిన మనిషి. "పువ్వు ఎప్పుడు పూస్తుందమ్మా?"

హైమవతి గారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "తమరు ఇప్పుడే ప్రారంభించారు కదండీ. ఇకనుంచి పూయవచ్చు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటో తీశారు. ఆ స్థలానికి చుట్టూ ఇనుప కంచె, ఒక రాతి ఫలకం మంజూరయ్యాయి. హోంగార్డు వీపు తిప్పి నిలబడమన్న ఉత్తర్వు రద్దయింది. ఇప్పుడతను ఆ నేలని నేరుగా చూడవచ్చు. రోజూ చూస్తున్నాడు. పొద్దునా సాయంత్రం దానికి నీళ్లు పోయిస్తున్నారు. నేను వెళ్లి చూసి రాస్తున్నాను.

జూన్ మొదటివారం, ఆదివారం. నేను కొండమీదికి వెళ్లేసరికి మావయ్య పనసచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. కాయ పండి, ఒక పక్క పగిలింది. లోపల గోధుమరంగు గింజలు, ప్రతి గింజకీ చివర తెల్లగా మైనంలాంటిది. చీమలు వరుసగా వచ్చి ఒక్కో గింజా మోసుకుపోతున్నాయి. అత్త సోమారి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూస్తోంది.

"ఎనిమిదేళ్లు ఆళ్ల తోటలో కూకున్నాడు. ఇంక ఈ గింజలు మొలిసి పువ్వు పూసేదాక ఇక్కడ కూకుంటాడు. నాకు మొగుడు ఉన్నట్టా నేనట్టా, సెప్పు దొయిమతీ."

"సీమలు అట్టుకుపోతన్నాయి సూడు" అన్నాడు మావయ్య. "దాసుకోడానికి మట్టిలోకి అట్టుకెళ్తాయి. నానేటి సెయ్యక్కర్లేదు." సగం గింజలు మాత్రం ఆకులో చుట్టి దాచుకున్నాడు. మిగతావి చీమలకి వదిలేశాడు.

వాగు దగ్గర స్కూటరు ఆగిన చప్పుడైంది. కాసేపటికి గంగునాయుడు గారు ఆయాసపడుతూ ఎక్కి వచ్చారు. మావయ్య లేచి నిలబడి మొక్కకి అడ్డం వచ్చాడు. నేను పక్కకి వచ్చి నిలబడ్డాను. సోమారత్త కొడవలి తీసుకుంది, గడ్డి కోసేదానిలాగా.

ఆయన చేత్తో వద్దని సైగ చేశారు. ఊపిరి తీసుకున్నాక అన్నారు: "ఆఫీసు పని మీద రాలేదు."

అత్త కొడవలి దించలేదు.

"ఆ పువ్వు మీద డెబ్బై మూడు ఉత్తరాలు రాశాను బొంజిబాబూ. నేను దాన్ని చూడలేదు." మావయ్య భుజం పక్కనుంచి తొంగిచూశారు. "ఉందా?"

మావయ్య ఆయన్ని కాసేపు పరకాయించి చూసి, పక్కకి జరిగాడు. పువ్వు ఎప్పుడో రాలిపోయింది గదా. పసుపెక్కుతున్న మూడాకులు, పగిలిన కాయ, చీమలు. ఆయన బండ మీద కూర్చుని, వాటినే చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"నిజంగా తెల్లగానే ఉండేదా అమ్మా?"

"మొదట తెల్లగానేనండి. మంచుకి తడిస్తే రేకు వెనకనుంచి ఆకు పచ్చ కనిపించేది. కొంచెం పక్కకి వంగి ఉండేది, ఎవరో పిలిస్తే వింటున్నట్టు." అంత పెద్ద జవాబు నేను ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన తల ఊపుతూ విన్నారు. "మళ్లీ పూస్తుందా?"

"దుంప గట్టిగుంది బాబూ" అన్నాడు మావయ్య. "వచ్చే మాఘానికి పూస్తాది."

"మాఘంలో ఏ తేదీన?" గంగునాయుడు గారు జేబులోంచి డైరీ, పెన్ను అప్పటికే తీశారు.

"అది నాకు సెప్పదు బాబూ. మనమే రోజూ వచ్చి సూసుకోవాల."

ఆయన డైరీ తెరిచే ఉంచి, ఏమీ రాయకుండా కూర్చున్నారు. చీమల వరుస ఆయన బూటు దాకా వచ్చి, గింజతో సహా ఆగింది. ఆయన కాలు ఎత్తి, కాసేపు గాల్లోనే ఉంచి, అవతల పెట్టుకున్నారు.